ఇన్ని మతాల నడుమ దేనిని నమ్మాలో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: వంశధార, నరసన్నపేట

పెద్దలకు నమస్కారం. నేను నరసన్నపేట దగ్గరి ఒక పల్లెలో పుట్టి పెరిగాను. ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో రసాయనశాస్త్రం చెబుతున్నాను. మతాల విషయంలో చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్నను ఇక్కడ ఉంచుతున్నాను. వాదించి గెలవాలన్న కోరికతో అడగడం లేదు. ఇంట్లో ఒక నిర్ణయం చెప్పవలసిన పరిస్థితి ఏర్పడింది కాబట్టి అడుగుతున్నాను.

మా అమ్మ ఆదివారం నీచు ముట్టదు. ఏటా మాఘమాసంలో అరసవల్లి వెళ్లి, పిడకల పొయ్యి మీద క్షీరాన్నం వండి, చిక్కుడాకుల్లో పెట్టి సూర్యనారాయణస్వామికి నివేదించి వస్తుంది. మా మేనమామ కుటుంబం నా చిన్నతనంలోనే క్రైస్తవం తీసుకుంది. వాళ్లింట్లో రాత్రిపూట బైబిలు చదవనిదే కంచాలు పెట్టరు. నాతో చదువుకున్న మిత్రుడిది ముస్లిం కుటుంబం; కళింగపట్నం దర్గాకు వాళ్లతోపాటు మా ఊరి హిందువులూ వెళ్తుంటారు. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నా గదిలో ఉన్న స్నేహితుడు బౌద్ధ ధ్యానం నేర్చుకుని, ఆత్మ అనేదే లేదని ఎంతో నమ్మకంగా చెప్పేవాడు. వీరందరూ నాకు కావలసినవారు, వీరందరూ నాకంటె మంచివారు. కాని వీరు చెప్పేవన్నీ ఏకకాలంలో నిజం కావడం సాధ్యం కాదని మాత్రం నాకు స్పష్టంగా తెలుస్తోంది.

నిరుడు వానాకాలంలో మా అప్ప కొడుక్కి జ్వరం పట్టి వారం దాటినా దిగలేదు. అమ్మ అరసవల్లి స్వామికి మొక్కుకుంది. మావయ్య పాస్టరు గారిని తీసుకొచ్చి, పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టించి ప్రార్థన చేయించారు. పక్కింటి ముసలమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నల్లదారంతో మెడలో కట్టింది. ఆ వారంలోనే శ్రీకాకుళంలో డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, టైఫాయిడ్ అని తేల్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. జ్వరం తగ్గింది. పిల్లవాణ్ణి ఎవరు కాపాడారని అడిగితే ఈనాటికీ ముగ్గురూ మూడు పేర్లు చెబుతారు, ఆ ముగ్గురిలో ఒక్కరూ అబద్ధమాడే మనుషులు కారు.

ఇప్పుడు మావయ్య వచ్చే ఈస్టరు లోపల బాప్తిస్మం తీసుకోమని అడుగుతున్నారు. నాన్న పోయాక నన్ను చదివించిన మనిషి ఆయన. అమ్మ పైకి ఏమీ అనదు గాని, ఆ మాట వచ్చిన రోజున అన్నం సరిగా తినదు.

లోకంలో ఇన్ని మతాలూ, ఒక్కొక్క మతంలో ఇన్ని శాఖలూ ఉండగా, ప్రతివారూ తమదే సత్యమని చెబుతూ ఉండగా, అన్నింటినీ చదివి పరీక్షించే ఆయుష్షు ఎవరికీ లేనప్పుడు, ఒక మామూలు మనిషి న్యాయంగా ఎలా నిర్ణయించుకోవాలి? అన్ని మతాలూ ఒక్కటేనన్న సమాధానం నాకు తృప్తి ఇవ్వడం లేదు. పుట్టిన మతంలోనే ఉండిపొమ్మన్న మాటా ఒప్పుకోలేకపోతున్నాను, ఎందుకంటే మా వీధిలోనే నాలుగిళ్ల అవతల పుట్టి ఉంటే ఇంతే గట్టిగా మరొకటి నమ్మి ఉండేవాడిని.


జవాబు: విజయనగరం మాస్టారు

వంశధార గారికి ఆశీస్సులు. ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీ ప్రశ్నను మీకంటె ముందు, దాదాపు ఇవే మాటలతో అడిగినవారు ఉన్నారు. కోసల దేశంలో కేసపుత్తం అనే ఊరి కాలాములు బుద్ధుని దగ్గరికి వచ్చి, తమ ఊరికి వచ్చే ప్రతి శ్రమణుడూ బ్రాహ్మణుడూ తన సిద్ధాంతాన్ని పొగిడి ఇతరుల సిద్ధాంతాన్ని తూలనాడి వెళ్లిపోతున్నారనీ, వీరిలో ఎవరిది సత్యమో ఎవరిది అసత్యమో తమకు తెలియడం లేదనీ మొరపెట్టుకున్నట్టు బౌద్ధుల పాళీ గ్రంథమైన అంగుత్తర నికాయంలో ఉంది. బుద్ధుడు మొదట చెప్పినది, మీకు సందేహం కలగడం సమంజసమే అని. సందేహించినందుకు మీరు అమ్మకు గాని మావయ్యకు గాని ద్రోహం చేసినట్టు బాధపడుతున్నారని మీ ఉత్తరం చూస్తే అనిపించింది గనుక ముందుగా ఈ మాట రాస్తున్నాను.

ఆ తరువాతి భాగాన్ని మనవాళ్లు తరచు సగమే చెబుతారు. వినికిడి మీద, పరంపర మీద, గ్రంథంలో ఉందన్న కారణం మీద, గురువు మీది గౌరవం మీద మాత్రమే ఆధారపడవద్దని బుద్ధుడు అన్నది నిజమే. అయితే కేవల తర్కం మీద, మనకు ముందే నచ్చి ఉన్న అభిప్రాయం మీద కూడా ఆధారపడవద్దని అదే జాబితాలో అన్నాడు. అంటే నాకు నచ్చినదే నాకు సత్యం అనే సౌకర్యాన్ని ఆయన ఇవ్వలేదు. ఏ ఆచరణ లోభాన్ని, ద్వేషాన్ని, మోహాన్ని పెంచుతుందో, విజ్ఞులు దేనిని గర్హిస్తారో, దేనివల్ల మనకూ ఇతరులకూ కీడు కలుగుతుందో దానిని విడిచిపెట్టమన్నాడు. మరణానంతరం ఏమవుతుందన్న విషయంలో ఏ గురువు మాట నిజమో ఆ సందర్భంలో ఆయన తేల్చి చెప్పలేదు. నడవడిక గురించి ఇప్పుడే తెలుసుకోగలిగినది ఒకటి ఉంది, ఆవలి సంగతుల గురించి ఇంకా తెలియనిది ఒకటి ఉంది, ఈ రెండింటినీ ఆయన కలిపివేయలేదు. మీ సమస్య చిక్కుబడడానికి ఇవి రెండూ కలిసిపోవడమే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

శాలిహుండం మీకు దూరం కాదు. ఇంతవరకు చూడకపోతే ఒక ఉదయం వెళ్లండి. వంశధార నది దక్షిణపు గట్టున ఉన్న ఆ కొండ మీది శిథిలాలను 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు గుర్తించారు. మెట్లెక్కుతూ పోతే ఇటుక స్తూపాల పునాదులు, చైత్యగృహాలు, భిక్షువులు నివసించిన విహారాల గోడలు కనిపిస్తాయి. అక్కడ దొరికిన విగ్రహాలలో బౌద్ధ దేవతలైన తార ఉంది, మారీచి ఉంది. తొలినాటి బౌద్ధం క్రమంగా మహాయానమై, వజ్రయానమై మారిన జాడలన్నీ ఒకే కొండ మీద ఉన్నాయన్నమాట. క్రీస్తుపూర్వపు శతాబ్దాల నుంచి 12వ శతాబ్దం దాకా అక్కడ బౌద్ధం బతికింది. ఆ తరువాత ఆ ప్రాంతంలో దాన్ని ఆచరించేవారే లేకుండా పోయారు. మా జిల్లాలో రామతీర్థం వెళ్తే గురుభక్తుల కొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు, బోధికొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు, కొండ దిగువన రాములవారి కోవెల ఉంటాయి. అక్కడ బౌద్ధుల వాదం తప్పని ఎవరో నిరూపించగా స్తూపం పాడుబడలేదు, జైనుల వాదం వీగిపోయినందువల్ల వారి పూజలు ఆగలేదు. రాజాశ్రయం, వర్తకుల దానాలు, దారులు, జనం అలవాట్లు మారాయి, వాటితోపాటు మతమూ మారింది. ఒక మతం ఎన్నాళ్లు నిలిచింది, ఎందరు నమ్ముతున్నారు అన్న లెక్కలు ఆ మతపు చరిత్రను చెబుతాయి గాని దాని సత్యాసత్యాలను తేల్చవు. అందుచేత నూరు కోట్ల మంది నమ్మినది అబద్ధమవుతుందా అన్న వాదన మీ ముందుకు ఎటు నుంచి వచ్చినా దానికి తలవంచకండి.

ఇక అన్ని మతాలూ ఒక్కటే అన్న మాట. మీరు దానిని ఒప్పుకోకపోవడం సరైనదే. ఏసు సిలువ మీద మరణించాడని సువార్తలు చెబుతాయి. ఆయనను చంపలేదు, సిలువ వేయలేదు అని ఖురాన్ నాలుగవ అధ్యాయం చెబుతుంది. ఇది ఒక కాలంలో ఒక చోట జరిగిన లేదా జరగని సంఘటనకు సంబంధించిన మాట. రెండూ నిజం కాలేవు. శాశ్వతమైన ఆత్మ ఉందని ఉపనిషత్తులు, లేదని బౌద్ధులు అంటారు. ఒక్క జన్మేనని కొందరు, జన్మ పరంపర అని మరికొందరు అంటారు. అంతదాకా ఎందుకు, హిందూమతం అని మనం ఒక్క పేరుతో పిలిచే దానిలోనే జీవుడూ బ్రహ్మమూ ఒక్కటేనన్న శంకరుల మాటా, వారి భేదం నిత్యసత్యమన్న మధ్వాచార్యుల మాటా పొసగవు. మధ్వుల శిష్యపరంపరకు చెందిన నరహరితీర్థులు మన కళింగసీమలో అధికారం నెరపినవారు. శ్రీకూర్మం గుడిలో 1281 నాటి ఆయన శాసనం ఉంది. అంతటివారు ఒక పక్షాన నిలిచి, ఎదుటి పక్షం తప్పని గ్రంథాలు రాశారంటే, వారికి ఆ తేడా చిన్నదిగా కనిపించలేదన్నమాట. తేడాలను చెరిపివేసి అందరినీ గౌరవిస్తున్నామనుకోవడం వారి ఆలోచనను తేలికచేయడమే అవుతుంది. అయితే అబద్ధమాడవద్దు, దొంగిలించవద్దు, ఆకలిగొన్నవాడికి పెట్టు, తల్లిదండ్రులను చూసుకో అన్న దగ్గర ఇవన్నీ చాలామటుకు కలుస్తాయి. కలిసే చోట ఎంచుకోవలసిన అవసరమే లేదు. మీరు ఏ మతానికి చెందినా చెందకపోయినా ఆ భాగం ఈ రోజు నుంచే మీది.

పిల్లవాడి జ్వరం సంగతి. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లో ప్రచురించిన గ్రంథంలో ఒక మాట అన్నాడు: పరస్పరం విరుద్ధమైన మతాలు తమ తమ అద్భుతాలను సాక్ష్యంగా చూపినప్పుడు, ఒకదాని సాక్ష్యం రెండవదాని సాక్ష్యాన్ని బలహీనపరుస్తుంది. మీరు రసాయనశాస్త్రం చెప్పేవారు గనుక మీ మాటల్లోనే చెబుతాను. ఒకే పరీక్షనాళికలో నాలుగు సీసాల ద్రావకాలు ఒకేసారి పోసిన తరువాత రంగు మారితే, ఆ మార్పు ఏ సీసా వల్ల వచ్చిందో ఆ ఒక్క ప్రయోగంతో మీ విద్యార్థిని చెప్పనిస్తారా? నాలుగవదైన మందు సంగతి వేరు, ఎందుకంటే దానిని ఒంటరిగా ఎన్నో చోట్ల పరీక్షించి ఉన్నారు. ప్రార్థన ఎవరూ ఆలకించలేదని దీనివల్ల రుజువు కాదు. మూడు మతాలలో ఒకదానిని ఎంచుకోవడానికి ఆ జ్వరం పనికిరాదు, అంతవరకే.

నాలుగిళ్ల అవతల పుట్టి ఉంటే అన్న మీ మాట బలమైనది, కాని దాని బలం ఎంతవరకో చూసుకోవాలి. మనకు ఒక నమ్మకం పుట్టుకతో వచ్చిందన్న కారణం చేత అది అబద్ధం కాదు. భూమి గుండ్రంగా ఉందన్నదీ మనకు చిన్నప్పుడు ఎవరో చెప్పినదే. పుట్టుకతో వచ్చింది గనుక నిజమేనన్న ధీమాను మాత్రం అది తీసివేస్తుంది. అప్పుడు చేయవలసినది, ఎదుటి మతాన్ని ఏ ప్రశ్నలు అడుగుతామో అవే ప్రశ్నలు మన మతాన్నీ అడగడం, మన గ్రంథంలోని కష్టమైన చోటికి ఎంత ఓపికగా అర్థం చెప్పుకుంటామో అంత ఓపికా ఎదుటివారి గ్రంథం పట్ల చూపడం. దేనినైనా దాని శత్రువుల పుస్తకాల నుంచి కాక, దానిని ప్రేమించి లోతుగా చదివినవారి నుంచి తెలుసుకోండి. అన్ని శాఖలవారూ బహుశ్రుతులు కావాలని, ఒకరి ధర్మాన్ని ఒకరు వినాలని అశోకుడు తన పన్నెండవ శిలాశాసనంలో కోరాడు. ఆ శాసనం కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. మనకు ఉత్తరాన ఉన్న జౌగడలో, ధౌలిలో మాత్రం దానిని చెక్కించలేదు. యుద్ధంలో తాను జయించిన కళింగులకు ఆయన వేరే శాసనాలు రాయించాడు. ఆ మాట మన నేలకు రాకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.


జవాబు: బొబ్బిలి అధ్యాపకురాలు

మాస్టారు గారు రాసిన దానిలో చాలా భాగం నాకు సమ్మతమే. నేను బొబ్బిలిలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. కెనడా బాప్టిస్టు మిషనరీలు పనిచేసిన కాలం నుంచి మా కుటుంబం క్రైస్తవ సంఘంలో ఉంది. విశ్వాసిగానే ఈ మాట చెబుతున్నాను తమ్ముడూ, మీ మావయ్య గారి రుణం తీర్చుకోవడానికి బాప్తిస్మం తీసుకోకండి. అది ఆయనకు మీరిచ్చే కానుక అనిపించవచ్చు. కాని పదిమంది ముందు నీళ్లలో నిలబడి నేను నమ్ముతున్నాను అని చెప్పే మాట నమ్మకుండా చెబితే, ముందుగా నష్టపోయేది మా సంఘమే. ఏసు మరణం నుంచి లేవకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసమూ వ్యర్థం అని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనవ అధ్యాయంలో ఉంది. తన మతమంతా ఒక సంఘటన మీద నిలిచి ఉందనీ, అది జరగకపోతే అంతా కూలుతుందనీ అంత బాహాటంగా చెప్పడం నాకు నచ్చుతుంది. ఆ ఒక్క అంశాన్ని మీరు శ్రద్ధగా పరిశీలించండి, ఎంతకాలం పట్టినా సరే.

మాస్టారు గారితో ఒక చోట విభేదిస్తున్నాను. పక్కన నిలబడి కొలిచేవారికి మతంలో కొంత భాగమే కనిపిస్తుంది. సిద్ధాంతాల పట్టికకు తలఊపడం మా దృష్టిలో విశ్వాసం కాదు. ఒక వ్యక్తి మీద నమ్మకం పెట్టుకుని బతకడం విశ్వాసం. క్షమించడం అంటే ఏమిటో క్షమించవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది గాని చదివితే తెలియదు. అందుచేత చదవడంతోపాటు కొన్నాళ్లు ఆరాధనకు వచ్చి వెనుక బెంచీలో కూర్చోండి, అలాగే అమ్మతో అరసవల్లికీ వెళ్లండి, మిత్రుడి ఇంట్లో రంజాను ఇఫ్తారుకూ కూర్చోండి.

మరొక సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. మా పెద్దమ్మమ్మ తరం క్రైస్తవంలోకి ఎందుకు వచ్చారంటే, అందరితో సమానంగా చాప మీద కూర్చోనిచ్చిన చోటు అది ఒక్కటే గనుక, వారి పిల్లలకు అక్షరాలు దిద్దించిన చోటు అది గనుక. సిద్ధాంతం తెలియకుండా వచ్చారని దీనిని చాలామంది చిన్నచూపుగా మాట్లాడతారు. మనిషిని ఏ మతం ఎలా చూస్తుందన్నది ఆ మతం గురించిన సాక్ష్యాలలో ఒకటి. వారు దానిని చూసే వచ్చారు. అంబేడ్కర్ గారు హిందువుగా పుట్టాను గాని హిందువుగా చావను అని 1935లో యేవలలో ప్రకటించి, సిక్కు మతాన్నీ ఇస్లామునూ క్రైస్తవాన్నీ పరిశీలించి, 1956 అక్టోబరు 14న నాగపూరులో బౌద్ధం స్వీకరించారు. మధ్యలో ఇరవై ఒక్క సంవత్సరాలు ఉన్నాయి. నీతి దాని మూలంలో ఉందా, బుద్ధికి నిలుస్తుందా, స్వేచ్ఛ సమానత్వం సౌభ్రాతృత్వాలను ఒప్పుకుంటుందా, పేదరికాన్ని పవిత్రమని కొనియాడుతుందా అన్నవి ఆయన కొలతలు. ఆ కొలతలు మా సంఘాలకూ పెట్టి చూడండి. మా చర్చిల్లోకీ కులం వచ్చి కూర్చున్న చోట్లు ఉన్నాయి, వాటిని చూసీ చూడనట్టు వదిలేయమని నేను అడగను.


జవాబు: నాగావళి, శ్రీకాకుళం

అందరికీ సలాం. ముందుగా తాయెత్తు విషయం. తాయెత్తులు కట్టడాన్ని ఇస్లాం పండితులలో చాలామంది ఒప్పుకోరు. దర్గాల వద్ద మొక్కుబడుల మీద కూడా మాలో మాకు గట్టి చర్చ ఉంది. మీ పక్కింటి పెద్దమ్మ ప్రేమతో కట్టింది, ఆ ప్రేమను గౌరవించండి. ఇస్లామును తూచేటప్పుడు మాత్రం ఆ నల్లదారాన్ని తూకంలో వేయకండి.

నాలుగిళ్ల అవతల పుట్టి ఉంటే అన్న మీ మాటే పదకొండవ శతాబ్దపు ఇస్లాం పండితుడు ఇమాం గజాలీని చిన్న వయసులో కుదిపివేసింది. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే, యూదుల పిల్లలు యూదులుగానే, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరగడం చూసి, తల్లిదండ్రుల నుంచి వచ్చిన నమ్మకాన్ని పక్కన పెడితే నిశ్చయంగా తెలిసినదేమిటి అని ఆయన ప్రశ్నించుకున్నాడు. బాగ్దాదు నిజామియా విద్యాలయంలో గొప్ప ఆచార్యుడిగా ఉన్నవాడు 1095లో ఆ పదవిని, పేరును వదిలి వెళ్లిపోయాడు. ఆయన నుంచి నేను నేర్చుకున్నది ఒకటుంది. తత్త్వవేత్తలను ఖండించాలనుకున్నప్పుడు, వారి వాదాన్ని వారే మెచ్చుకునేంత స్పష్టంగా మొదట ఒక గ్రంథంలో వివరించి, ఆ తరువాతే ఖండన గ్రంథం రాశాడు. ఎదుటివారి మాటను వారికంటె బాగా చెప్పగలిగేదాకా కాదనే హక్కు మనకు లేదని నేను ఆయనను చూసి అనుకుంటాను.

మతంలో బలవంతం లేదని ఖురాన్ రెండవ అధ్యాయంలో ఉంది. దైవం తలచుకుంటే మిమ్మల్నందరినీ ఒకే సమాజంగా చేసి ఉండేవాడు, మీకిచ్చిన దానితో పరీక్షించడానికి ఇలా చేశాడు, కాబట్టి మంచి పనులలో పోటీపడండి అని అయిదవ అధ్యాయంలో ఉంది. నేను సత్యం ఒక్కటేనని నమ్మేవాడిని. అయినా ఈ వాక్యం వల్ల నా ఇరుగుపొరుగు వేరే మతంలో ఉండడం నాకు పొరపాటుగా కనిపించదు. మీకు ఒక సలహా: సందేహం తీరేదాకా ప్రార్థన మానుకోనక్కర లేదు. నువ్వు ఉంటే నాకు దారి చూపించు అని అడగడానికి ఏ మతమూ అడ్డురాదు.


జవాబు: రాజాం హేతువాది

పై ముగ్గురూ మర్యాదగా, లోతుగా రాశారు. అయితే ముగ్గురి జవాబుల్లోనూ చివరికి ఒకటి దొరుకుతుందన్న ఆశ ఉంది. ఏదీ దొరకకపోవచ్చు. ఆధారం చాలనప్పుడు నిర్ణయాన్ని ఆపి ఉంచడం పిరికితనమని మనకు నేర్పారు; ప్రయోగశాలలో మీరు రోజూ చేసే పని అదే కదా. ఇన్ని మతాలు తమ తమ పవిత్ర గ్రంథాలను, తమ తమ అనుభవాలను చూపి ఇంత విరుద్ధమైన నిర్ణయాలకు వచ్చాయంటే, ఆ గ్రంథాలూ అనుభవాలూ సత్యానికి చేర్చే దారులేనా అన్న అనుమానం సహజం. దైవం లేకపోతే నీతి ఉండదన్న భయం కూడా అక్కరలేదు. నాస్తికవాది గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పోరాడుతూ జీవితమంతా గడిపారు.

అధ్యాపకురాలు గారు కులం మాట ఎత్తారు గనుక ఒక వివరం చేరుస్తున్నాను. ఎస్సీ కుటుంబానికి మతం మారడం అంతరాత్మకు మాత్రమే సంబంధించిన విషయంగా ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని క్రైస్తవులకు, ముస్లింలకు వర్తించదు. దీనివల్ల లోపల ఒకటి నమ్ముతూ కాగితం మీద మరొకటి రాసుకునే కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. అలాంటివారిని కపటులని నిందించేవారు, వారిని ఆ స్థితిలోకి నెట్టిన నియమాన్ని ఒకసారి చదవాలి.


వంశధార, నరసన్నపేట

అందరికీ కృతజ్ఞతలు. ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. రెండు సంగతులు ఇంకా మిగిలాయి. నమ్మితే పోయేదేముంది, దేవుడు ఉంటే పరలోకం దక్కుతుంది, లేకపోతే నష్టం లేదు కదా అని మావయ్య అంటారు. దీనికి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. రెండవది, తేలేదాకా ఎలా బతకాలి? వచ్చే రథసప్తమికి అమ్మ నన్ను తోడు రమ్మంటోంది. నమ్మకం లేకుండా గుడికి వెళ్లడం కపటం అవుతుందా?


జవాబు: విజయనగరం మాస్టారు

మీ మావయ్య గారి వాదన ఫ్రాన్సు గణితవేత్త పాస్కల్ చేసినదే. ఆయన మరణించాక 1670లో అచ్చయిన గ్రంథంలో ఉంది. రెండే దారులు ఉన్నప్పుడు, అంటే ఆ దేవుడు ఉన్నాడు లేదా ఎవరూ లేరు అన్నప్పుడు, దానికి బలం కనిపిస్తుంది. మీ ముందున్నవి రెండు కావు. ఒక దేవుణ్ణి నమ్మినందుకు మరొక దేవుడు శిక్షిస్తాడని చెప్పే మతాలు ఉన్నప్పుడు ఆ లెక్క ఎటూ తేలదు. పైగా లాభం కోసం నమ్ముతానని తీర్మానించుకున్నంత మాత్రాన నమ్మకం కలగదు. రేపటి నుంచి నీళ్లు వంద డిగ్రీలకు కాక యాభైకి మరుగుతాయని నమ్మండి, జీతం పెంచుతాం అంటే మీరు పైకి అనగలరు గాని లోపల నమ్మలేరు.

కాలాములకు బుద్ధుడు చివరలో ఇచ్చిన భరోసాలు ఇంతకంటె నిజాయితీగా ఉన్నాయి. ద్వేషం లేని మనసుతో బతికినవాడికి, పరలోకం ఉంటే అక్కడ మంచి జరుగుతుంది, లేకపోయినా ఇక్కడే సుఖంగా బతికినవాడవుతాడు. పాపానికి ఫలం ఉంటే అతనికి భయం లేదు, లేకపోయినా అతను రెండు విధాలా నిర్మలుడే. ఇందులో ఏ ఒక్క మతం మీదా పందెం కాయనక్కర లేదు. తేలేదాకా ఎలా బతకాలన్న మీ రెండవ ప్రశ్నకు ఇందులోనే జవాబు ఉంది. రాజాం మిత్రులు చెప్పినట్టు నమ్మకాన్ని ఆపి ఉంచవచ్చు. నడవడికను మాత్రం ఆపి ఉంచలేరు, ఎందుకంటే రేపు ఉదయం కాలేజీలో పిల్లలతో, సాయంత్రం ఇంట్లో అమ్మతో ఏదో ఒక విధంగా ప్రవర్తించక తప్పదు.

రథసప్తమికి వెళ్లండి. అమ్మ తడి పిడకలతో తంటాలు పడుతుంటే పొయ్యి ఊది, పాలు పొంగకుండా చూసి, క్యూలో ఆమెకు తోడు నిలబడడం ఏ సిద్ధాంతానికీ సంతకం చేయడం కాదు. ఎవరైనా నిలదీసి, నువ్వు నమ్ముతున్నావా అని అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బాప్తిస్మం అలాంటిది కాదు. అధ్యాపకురాలు గారు చెప్పినట్టు అక్కడ చేసే పనే ఒక ప్రకటన. ఈ తేడాను అమ్మ కోసం ఒకలా, మావయ్య కోసం ఒకలా వాడుకోకుండా చూసుకోండి. రేపు అరసవల్లిలో ఎవరైనా మీ చేత సంకల్పం చెప్పించి, ఇతర దైవాలను విడిచానని పలికిస్తే అప్పుడు మీరు అక్కడా ఆగవలసిందే.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, నాలుగు సువార్తల్లో చిన్నదైన మార్కు సువార్త, దానితోపాటు కఠోపనిషత్తు తీసుకోండి. మనిషి చనిపోయాక ఉన్నాడని కొందరూ లేడని కొందరూ అంటున్నారు, ఏది నిజమో చెప్పమని నచికేతుడు యముణ్ణి అడుగుతాడు. దేవతలకు కూడా ఈ విషయంలో సందేహం ఉండేదని యముడు ఒప్పుకుని, ఏనుగులనూ బంగారాన్నీ దీర్ఘాయుష్షునూ ఇస్తాను, ఈ ప్రశ్న మాత్రం వదిలిపెట్టమంటాడు. ఆ పిల్లవాడు వదలడు. ఖురానుకు మంచి తెలుగు అనువాదం ఏదో నాగావళి గారిని అడగండి, ఆయన పక్కన కూర్చుని చదివించుకుంటే ఇంకా మేలు.

మావయ్య గారికి మాత్రం ఈ విషయం ఈ వారంలోనే చెప్పండి. మీరు నన్ను చదివించినందువల్లనే ఇంత జాగ్రత్తగా ఆలోచించగలుగుతున్నాను, ఈ ఈస్టరుకు నేను ఆ మాట నిజంగా అనలేను, మీ గ్రంథాన్ని చదువుతున్నాను, నాకు అర్థం కాని చోట్ల మిమ్మల్నే అడుగుతాను అని ఆయన ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పండి. ఫోనులో వద్దు. పండుగ దగ్గరపడేదాకా ఆయనను ఎదురుచూడనివ్వడం కూడా వద్దు, అప్పటికి ఆయన సంఘంలో పదిమందికి చెప్పి ఉంటారు.